గుండెపోటు అనే మాట చాలునా?

2022 ఫిబ్రవరి 21వ తేదీ ఉదయం, ఆత్మకూరు శాసనసభ్యుడు, అప్పటి రాష్ట్ర మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి హైదరాబాదులో మరణించినారు. వయస్సు 50. ఇంటివద్ద హఠాత్తుగా కుప్పకూలిన ఆయన ఆసుపత్రికి చేరేటప్పటికే గుండె, శ్వాస ఆగి ఉన్నవని, గంటన్నరకు పైగా శ్రమించినా ఫలితం లేకపోయినదని వైద్యులు ప్రకటించినారు. అంత్యక్రియలు 23వ తేదీన ఉదయగిరిలో జరిగినవి. వైద్యుల ప్రకటనలోని మాట గుండె ఆగడం. తెలుగు పత్రికల శీర్షికలలోని మాట గుండెపోటు. రెండూ ఒకటే అనుకొనే అలవాటు ఆ ఒక్క వార్తతో వచ్చినది కాదు. కాని దానివల్ల కలిగే నష్టం చిన్నది కాదు.

పోటు అంటే పొడిచినట్టు వచ్చే నొప్పి. తలపోటు, పంటిపోటు వంటిదే. గుండె కండరానికి రక్తం తెచ్చే నాళం పూడుకొనిపోయి, కండరం చావనారంభించినప్పుడు ఆ మాట చక్కగా సరిపోతుంది. రొమ్ము బిగబట్టినట్టుంటుంది, చెమటలు పోస్తాయి. రోగికి సాధారణంగా స్పృహ ఉంటుంది, తన బాధ చెప్పుకోగలడు. నిలుచున్నవాడు నిలుచున్నట్టే కూలిపోవడం వేరు. అది చాలాసార్లు గుండెలోని విద్యుత్తుకు సంబంధించినది. బోరుబావి గొట్టం పూడుకొనడం ఒకటి, మోటారుకు కరెంటు చెడడం మరొకటి అని మెట్ట రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. గుండె విషయంలో మొదటిది రెండవదానికి దారితీయవచ్చును; అందుచేతనే మాటలు కలిసిపోయినవి.

గుండెలో పై గదులు కర్ణికలు, కింది గదులు జఠరికలు. కుడి కర్ణికలోని సైనస్ నోడ్ నిమిషానికి 60 నుంచి 100 సార్లు ఆజ్ఞ పంపుతుంది. జఠరికలు దానికి లోబడి ముడుచుకొంటాయి. అవే సొంతంగా, నిమిషానికి 100కు మించిన వేగంతో, వరుసగా మూడు లేక అంతకుమించి కొట్టుకొంటే అది వెంట్రిక్యులార్ టాకికార్డియా. పూర్వం గుండెపోటు వచ్చి మానిన మచ్చ చుట్టూ విద్యుత్తు గానుగెద్దు వలె తిరగడం ఒక రకం, ఇందులో ఇ.సి.జి. అలలన్నీ ఒకే పోలికగా ఉంటాయి. అలల మొనలు మెలితిరుగుతూ కనిపించే మరొక రకాన్ని ఫ్రెంచి వైద్యుడు దెసెర్తెన్ 1966లో వర్ణించి, టోర్సాద్ ద ప్వాంత్ అని పేరు పెట్టినాడు. రక్తంలో పొటాషియం, మెగ్నీషియం తగ్గినా, కొన్ని మందులు వాడినా ఇది రావచ్చును. మెగ్నీషియం సూదిమందు దీనికి ముఖ్య చికిత్స. ఏ జబ్బూ లేని గుండెలో పుట్టి అంతగా హాని చేయని రకాలు కూడా ఉన్నవి. అన్నిటికంటె భయంకరమైనది వెంట్రిక్యులార్ ఫిబ్రిలేషన్. ఇందులో జఠరికలు ముడుచుకోవు; చలిజ్వరం వచ్చినట్టు వణుకుతాయి. రక్తం కదలదు. కొన్ని సెకండ్లలో స్పృహ పోతుంది.

దీనికి హృదయ స్తంభన అనే పదం కూడా వాడుకలో ఉన్నది. అదీ సందేహాస్పదమే. స్తంభించినదంటే కొయ్యబారినదని గదా అర్థం! ఫిబ్రిలేషన్‌లో గుండె కొయ్యబారలేదు, క్రమం తప్పి వణుకుతున్నది. డీఫిబ్రిలేటరు ఇచ్చే విద్యుద్ఘాతం పూర్తిగా ఆగిన గుండెను నడిపించదు. ఈ వణుకును ఒక్కసారిగా ఆపి, సైనస్ నోడ్ తిరిగి పగ్గాలు పట్టుకొనే అవకాశం కల్పిస్తుంది. అంతా అయిపోయినదని చేతులు కట్టుకొని నిలుచున్నవారికి తెలియని సంగతి ఇదే.

ఉదయగిరి నుంచి నెల్లూరు సుమారు 100 కిలోమీటర్లు. ఏ సాయమూ అందకపోతే ఒక్కొక్క నిమిషానికి బ్రతికే అవకాశం నూటికి 7 నుంచి 10 వంతులు తగ్గుతుందని అంచనా. 108 వాహనం ఎంత త్వరపడినా ఈ లెక్కతో పోటీపడలేదు. పక్కనున్నవారి చేతులే మొదటి వైద్యం: రొమ్ము నడుమ, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్లు దిగేటట్లు అదమవలెను. మరి జరుగుతున్నదేమిటి? కూలినవాడు ఒక్కొక్కప్పుడు కొద్దిసేపు కాళ్ళూ చేతులూ కొట్టుకొంటాడు. చూచినవారు మూర్ఛ అనుకొని చేతిలో తాళాల గుత్తి పెడతారు. ఆగి ఆగి వచ్చే ఎగశ్వాసను ఊపిరి అనుకొంటారు. "నొప్పి అన్నాడా?" అని అడుగుతారు. గుండెపోటు అనే మాట నేర్పినది ఆ ప్రశ్ననే.

గుండెదడ అనే మాటా ఇంతే వదులైనది. పరీక్షకు భయపడిన పిల్లవాని దడ, జఠరికల దడ రెండూ అందులోనే ఇమిడినవి. పరుగెత్తుతూ స్పృహ తప్పిన యువకుడు, చిన్నవయస్సులో హఠాత్తుగా పోయిన బంధువులున్న ఇంటివాడు దడ అన్నప్పుడు వైద్యునికి చూపి ఇ.సి.జి. తీయించవలెను.

పత్రికలకు ఇందుకోసం కొత్త సంస్కృత సమాసమేదీ అక్కరలేదు. నాళం పూడినప్పుడు గుండెపోటు అనీ, మనిషి కుప్పకూలినప్పుడు గుండె పని ఆగినదనీ వ్రాసి, ఆ శీర్షిక క్రింద రొమ్ము అదిమే బొమ్మ ఒకటి వేయడానికి రెండంగుళాల జాగా చాలును.