రాధామనోహరానికి కత్తెర

రాధామనోహరాన్ని కత్తిరించమంటే చాలామందికి చేతులు రావు. గేటు మీదుగా మేడెక్కి కరెంటు తీగల్ని అందుకునేదాకా వదిలేస్తారు. తర్వాత ఒకరోజు విసుగొచ్చి మొదలంటా నరికిస్తారు. రెండూ అన్యాయమే. ఈ తీగ కొత్త చిగుళ్ల కొసల్లోనే పూస్తుంది. పూత అయిపోయాక, చలికాలం పోతుండగా ఎండుపుల్లలు ఏరేసి, మిగిలిన కొమ్మల్ని సగానికి కోస్తే ఎండాకాలంలో గుత్తులు గుత్తులుగా పూస్తుంది. తోటపనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఈ కోతే.

కత్తెర పట్టినప్పుడే దీని గుట్టు తెలుస్తుంది. ముసలి కొమ్మల మీద గీరుకునే ముళ్లు పుట్టుకతో వచ్చినవి కావు. ఆకు రాలిపోయాక కాడ మొదలు మాత్రం అక్కడే ఉండి, గట్టిపడి కొక్కెమవుతుంది. ఆ కొక్కేలతోనే పక్కవాటిని పట్టుకుని పైకి పాకుతుంది. చిన్నప్పుడు మాత్రం మామూలు పొదే. పొదగా మొదలై తీగగా మారే ఈ తీరును 17వ శతాబ్దంలోనే ఇండోనేషియాలోని అంబన్ దీవిలో వృక్షశాస్త్రజ్ఞుడు రుంఫియస్ గమనించాడు. 1670లో చూపు పోయినా ఆయన మొక్కల మీద రాయడం ఆపలేదు. ఆ పట్టుదలంటే నాకెంతో గౌరవం.

పువ్వు పొద్దుగూకే వేళకు తెల్లగా విచ్చుకుంటుంది. సన్నటి పొడవాటి గొట్టం, తేనె అడుగున. రాత్రిపూట దాన్ని అందుకోగలిగేది పొడుగు తొండమున్న మాత్‌లే. మర్నాటికి గులాబి, ఆపైన ఎరుపు. పగలు సీతాకోకలు, తేనెటీగలు, తేనెపిట్టలు వస్తాయి. ఒక్క గుత్తిలోనే వేర్వేరు రోజుల పూలు ఉండటం వల్లే మూడు రంగులూ కనబడతాయి. పొద్దున ఫొటో తీసుకుని వెళ్లిపోయేవాళ్లకు సగమే దక్కుతుంది. వాసన గుప్పుమనేది చీకటి పడ్డాకే.

మన నల్లమద్ది, కరక, తాని దీనికి దగ్గర చుట్టాలు. వాటిలాగే ఇదీ మందుచెట్టే. చైనా వైద్యంలో దీని గింజలను పిల్లల కడుపులోని ఏలికపాములకు చాలాకాలంగా వాడుతున్నారు. పనిచేసేది క్విస్‌క్వాలిక్ ఆమ్లం. మెదడు కణాలు ఒకదానికొకటి సంకేతాలు అందించుకునే తీరును పరిశోధించడానికి కూడా శాస్త్రజ్ఞులకు ఇది పనికొచ్చింది. అలాగని ఇంట్లో ప్రయోగాలు వద్దు. మోతాదు మించితే ఎక్కిళ్లు, వాంతులు పట్టుకుంటాయి. మన పెరళ్లలో కాయ కనబడేదే అరుదు.

కాయ లేదని దిగులక్కర్లేదు. వేళ్ల నుంచి పిలకలు వస్తూనే ఉంటాయి. లేదా నేలకు దగ్గరగా ఉన్న కొమ్మను వంచి, ఒక కణుపు మట్టిలో తొక్కి, పైన రాయి పెట్టి తడి ఆరకుండా చూసుకుంటే చాలు. వేరు పోసుకున్నాక తల్లి తీగ నుంచి కోసి వేరుచేయాలి. అలా తొక్కిన అంట్లు మా గోడవార ఎప్పుడూ ఉంటాయి. అడిగినవాళ్లకు కాదనకుండా ఇస్తాను, కోతకాలం ఎప్పుడో చెప్పి మరీ.