ఇల్లు మారిన దీపం

చెన్నై వెళ్లినవాళ్లు మెరీనా లైట్‌హౌస్ ఎక్కి, సముద్రం చూసి, ఫొటోలు దిగి వచ్చేస్తుంటారు. ఎరుపు తెలుపు పట్టీల ఆ కట్టడం బాగుంటుంది. పైనుంచి దక్షిణాన శాంథోమ్ చర్చి గోపురం, పాదాల దగ్గరే నొచ్చికుప్పం ఇసుకలో వలలు, పడవలు కనిపిస్తాయి. కానీ అది 1977 నాటిది. అంతకుముందే ఆ ఊరి దీపం మూడుచోట్ల వెలిగింది. ఆ మూడు కట్టడాలూ ఇంకా ఉన్నాయి. నా మక్కువంతా వాటిమీదే.

మొదటిది 1796లో సెయింట్ జార్జి కోటలో, వర్తకుల ఎక్స్ఛేంజి భవనం మిద్దె మీద కొబ్బరినూనెతో వెలిగింది. ఇప్పుడా భవనం కోట మ్యూజియం. మద్రాసుకు అప్పట్లో ఓడలు ఆనే రేవే లేదు. దూరంగా లంగరు వేసి, సరుకునీ మనుషులనీ మసూలా పడవల్లో ఎక్కించి అలలు దాటించేవారు. రాత్రిపూట వచ్చే ఓడకు ఒడ్డు జాడ చెప్పేది ఆ దీపమే.

రెండోది హైకోర్టు ఆవరణలోని రాతి స్తంభం. కెప్టెన్ జె.టి. స్మిత్ రూపకల్పన. 1844లో వెలిగించారు. పల్లావరం రాయితో డోరిక్ శైలిలో కట్టిన ఆ నిండైన రూపం ముందు మిగతావన్నీ నాకు చిన్నగానే కనిపిస్తాయి. దాని దగ్గర నిలబడి తలెత్తితే, దాని పని లాక్కున్న ఎర్రటి కోర్టు గోపురం కూడా అదే చూపులో పడుతుంది.

1892లో తెరిచిన కోర్టు భవనం శిఖరం ఆ స్తంభాన్ని మించిపోయింది. దాంతో 1894లో దీపం అక్కడికి మారింది. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు వచ్చేదాకా మన జిల్లాల భూతగాదాలు, ఆస్తి అప్పీళ్లు ఆ దీపం కిందే తేలాయి. కాగితాల మూట చంకన పెట్టుకుని రైలు దిగిన మన పెద్దలు ఎందరో ఆ గోపురం చూసే ఉంటారు. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ నౌక ఎమ్డెన్ మద్రాసు మీద గుళ్లు కురిపించినప్పుడు ఈ ఆవరణ గోడకూ దెబ్బ తగిలింది. అక్కడొక ఫలకం ఉంది.

భద్రత పేరుతో ఏళ్ల తరబడి మూసి ఉంచిన మెరీనా లైట్‌హౌస్‌ను 2013లో మళ్లీ జనానికి తెరిచారు. రాతి స్తంభానికి మాత్రం ఇంకా ఆ భద్రతే అడ్డు. కోర్టుకు కాపలా అవసరమే, కాదనను. అయినా ఆ రాతి స్తంభం దగ్గరికి సెలవు రోజుల్లోనైనా, తనిఖీ చేసే సరే, మామూలు జనాన్ని రానివ్వాలి. మెట్లు ఎక్కనివ్వకపోయినా ఫరవాలేదు, కిందినుంచి తనివితీరా చూడనిస్తే చాలు.