ౘునమికి మూడు లఘువులు

ఈ వారం నన్ను చికాకు పెట్టింది మా మేనకోడలి జపనీస్ నోట్‌బుక్. చంద్రపూర్‌లో పుట్టిన పిల్ల. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, బడిలో ఇంగ్లిష్. ఇప్పుడు ఉద్యోగం కోసం ఫోన్‌లో జపనీస్ పాఠాలు వింటోంది. సంతోషమే. కానీ రాసుకునేదంతా ఇంగ్లిష్ అక్షరాల్లో! వాటిలో ‘టి’ కనబడగానే మన నాలుక వెనక్కి మడతపడుతుంది. జపాన్ వాళ్ల నాలుక పళ్లను తాకుతుంది. తోక్యో మనకు టోక్యో అయింది, హొన్ద హోండా అయింది ఇందుకే.

ఇక ౘ. ఈ కాలమ్ చదివేవాళ్లకు నా ౘ పిచ్చి కొత్త కాదు. చలి, చాప, చుట్టం అన్నప్పుడు పలికే చ, అంటే ౘ, వేరు. చిలక, చెరువు అన్నప్పటి చ వేరు. 1852 నాటి నిఘంటువులో బ్రౌన్ దొర ఇంగ్లిష్ అక్షరాల్లో ఆ తేడా చూపించాడు. మనం రాతలో చూపించం. మరాఠీదీ అదే తీరు: చాంగ్లాలో ఒక చ, చార్‌లో ఇంకొకటి, నాగరిలో రెంటికీ ఒకటే అక్షరం. అంటే చంద్రపూర్ తెలుగు పిల్ల ఈ ధ్వనిని రెండు చెవులా వింటూ పెరుగుతుంది. అయినా జపనీస్ ౘునమిని సునామీ అంటుంది! మాట మొదట్లో ఆ ధ్వనికి ఇంగ్లిష్ వాళ్ల నోరు తిరగదు సరే, 2004 డిసెంబరులో ఆ ఉప్పెన వచ్చినప్పుడు సునామీ అనే రాసిన మన పత్రికలకేం వచ్చింది?

జపనీస్‌లో మాటను కొలిచేది మాత్రలతోనే. హైకూలో అయిదు, ఏడు, అయిదు అని లెక్కపెట్టేవి అవే. సకుర నగణం, ఓసక భగణం. తోక్యో రెండు గురువులు, నిప్పొన్ కూడా అంతే. మిౘుబిషి నాలుగు లఘువులు. మిత్సుబిషి అని రాశారా, సంయుక్తాక్షరం ముందున్న ‘మి’ గురువై కూర్చుంటుంది. ౘ లేకపోతే గణాలే చెడతాయండీ! పైగా నాగరికి లేని పొట్టి ఎ, ఒలు మనకున్నాయి.

ఈ ధీమాతో నోట్‌బుక్ మొత్తం తెలుగులోకి మార్పించి, ‘దెసు’ అని నిండుగా చదివి వినిపించాను.

“వాళ్లట్ల అనరు మామయ్యా. దెస్ అంటారు.”

నిజమే, చివరి ఉకారం ఊపిరిలో కలిసిపోతుంది. సుకి అన్నా స్కి అన్నట్టే వినిపిస్తుంది. చివర అచ్చు లేకపోతే మన నోటికి మాట ముగిసినట్టుండదు. ఘర్, దూధ్ అంటూ పెరిగిన ఆ పిల్లకు ఆ బాధ లేదు. మరి హషి? తోక్యోలో గొంతు పైనుంచి దిగితే తినే పుల్లలు, కిందనుంచి ఎక్కితే వంతెన. ఓసకలో తారుమారు. దాన్ని నా తెలుగు లిపే కాదు, వాళ్ల కనా లిపీ చూపించదు. నోట్‌బుక్ మళ్లీ ఇంగ్లిష్‌లోకి వెళ్లిపోయింది. నేను అడ్డుచెప్పలేదు.

అయినా మాత్ర తప్పినంత మాత్రాన ఏమవుతుంది? నాగపూర్‌లో స్థిరపడిన ఒక జపాన్ బౌద్ధ భిక్షువు పేరు వాళ్ల భాషలో షూరే ససాయి. అక్కడి బౌద్ధ క్షేత్రం దీక్షాభూమికి వచ్చే జనానికి ఆయన సురై ససాయి. షూరేకు నాలుగు మాత్రలు, సురైకి మూడే. ఛందస్సు ప్రకారం ఒక మాత్ర లోటు. ఆ పేరుతో పిలిస్తే ఆయన దశాబ్దాలుగా పలుకుతూనే ఉన్నారు.