గోదావరిలో మునిగిన అట్లాస్

2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 53 అడుగులకే. 1986 ఆగస్టులో 75.6 అడుగుల వరద చూసిన మా పెద్దవాళ్ళు కూడా ఆ రోజు మూటాముల్లె సర్దుకున్నారు. మా ఊరు బూర్గంపాడుది గోదావరి, కిన్నెరసాని నదుల మధ్య బతుకు. గోదావరి పొంగితే కిన్నెరసానికి దిగే దారి ఉండదు, వెనక్కి ఎగదన్ని ఊళ్ళోకి వస్తుంది. నీళ్ళు తీశాక ఇంటికి వెళ్ళేసరికి నాన్న అట్లాస్ సైకిలు పెరట్లో వేపచెట్టుకి కట్టినచోటే ఉంది. సీటుదాకా ఒండ్రు. చైను, హబ్బులు, హ్యాండిల్ అన్నీ ఒకే రంగు, గోదారి మట్టి రంగు.

పాత ఇనుప సామాన్లు కొనేవాడు రెండుసార్లు వచ్చి అడిగాడు. తూకానికి ఇచ్చేయమని ఇంట్లో అందరూ అన్నారు. నాకు మనసొప్పలేదు. తోసుకుంటూ సైకిల్ షాపుకి తీసుకెళ్ళాను. మేస్త్రీ సైకిలుని ఒకసారి ఎత్తి నేలమీద చిన్నగా కొట్టి, ఆ చప్పుడు విన్నాడు. "ఫ్రేము బతికే ఉందిరా అబ్బాయ్. ఓవరాయిలింగ్ చేద్దాం, నువ్వూ కూర్చో" అన్నాడు. అలా కూర్చున్న మూడు రోజుల్లో నేను నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఈ బండి పుట్టుక సంగతి. మన ఊళ్ళలో "పెద్ద సైకిలు" అనేది ఇంగ్లండులో వందేళ్ళ కిందట కుదిరిన రూపం. 28 అంగుళాల చక్రాలు, రాడ్ బ్రేకులు, బాగా వెనక్కి వాలిన ఫ్రేము. మద్రాసులో టీఐ సైకిల్స్ 1949లో, సోనీపత్‌లో అట్లాస్ 1951లో, లుధియానాలో హీరో 1956లో మొదలయ్యాయి. ముగ్గురూ పట్టుకున్నది ఆ రూపాన్నే. ఆ వాలు ఊరికే పెట్టింది కాదు. ముందు చక్రం దూరంగా ఉంటే గుంతల దెబ్బ చేతులకు తక్కువ తగులుతుంది, వెనక క్యారేజీ మీద బస్తా వేసినా బండి ముందు లేవదు. ఎండాకాలం బీడీ ఆకు కోసుకుని అడవి దారుల్లో వచ్చే కోయ కుటుంబాలకు, తెల్లవారుజామున సారపాక కాగితపు మిల్లు షిఫ్టుకి వెళ్ళే కూలీలకు ఈ బండే కాళ్ళు. బరువు ఇరవై కిలోల దాకా ఉంటుందని ఎగతాళి చేస్తారు గానీ, ఆ బరువులోనే దాని ఆయుష్షు ఉంది.

మేస్త్రీ మొదట పానా పట్టుకోలేదు, నూలు దారం తీశాడు. హ్యాండిల్ కింద ఫ్రేము మెడకి దారం చుట్టి, రెండు కొసల్నీ వెనక చక్రం బిగించే చెవుల దాకా లాగి కట్టాడు. సీటు కింద గొట్టానికీ దారానికీ మధ్య ఎడం కుడివైపు ఎంతుందో ఎడమవైపూ అంతే ఉండాలి. మాదాంట్లో రెండు మిల్లీమీటర్ల తేడా వచ్చింది. చెట్టు మొదట్లో ఒక కొయ్యకి ఆనించి, కాలు తన్నిపెట్టి నెమ్మదిగా వంచాడు. మళ్ళీ దారం కట్టి చూస్తే సరిపోయింది. ఉక్కు గొప్పతనం అక్కడే కనిపించింది నాకు. అల్యూమినియం ఫ్రేముని ఇలా వంచితే ఆ చోట బలం పోతుంది, ఇవాళ కాకపోతే రేపు పగులుతుంది. మెత్తని ఉక్కు వంగుతుంది, సరిచేస్తే నిలుస్తుంది. విరిగినా ఊళ్ళో వెల్డింగ్ షాపులో అతుకుతుంది.

గొట్టాల లోపలికి వెళ్ళిన నీళ్ళే అసలు శత్రువు. సీటు రాడ్డు ఊడదీసి, ఫ్రేముని తలకిందులు చేసి ఒక రాత్రంతా ఉంచాం. తెల్లారి కప్పెడు నూనె లోపల పోసి, నాలుగు వైపులా తిప్పి, మిగిలింది వంపేశాం. పైపైన మెరిసే సైకిళ్ళు లోపల్నుంచి తుప్పుపట్టి పోవడానికి ఈ ఒక్క పనీ చేయకపోవడమే కారణం.

తర్వాత కాటరు పిన్నులు. పెడల్ రాడ్డుని బీబీ (బాటమ్ బ్రాకెట్) యాక్సిలుకి పట్టి ఉంచే ఏటవాలు చీలలు ఇవి. చాలామంది వీటి దగ్గరే సైకిలుని పాడు చేస్తారు. నేరుగా సుత్తితో కొడితే దెబ్బంతా లోపలి బేరింగు గుళ్ళ మీద పడి కప్పుల్లో గుంటలు పడతాయి. మేస్త్రీ పెడల్ రాడ్డు కింద ఒక ఇనుప గొట్టం ముక్క నిలబెట్టాడు. నట్టుని పిన్ను కొసదాకా వదులు చేసి, దాని మీద ఒకే ఒక్క దెబ్బ కొట్టాడు. పిన్ను కదిలింది. దెబ్బ గొట్టంలోంచి నేలకి దిగిందే తప్ప బేరింగుకి తగల్లేదు. కొత్త పిన్ను వేసేటప్పుడు దాని చదును ముఖాన్ని ఆకురాయితో అరగదీసి, మూడుసార్లు పెట్టి చూశాడు. రెండు పెడళ్ళూ ఒకే గీతలోకి వచ్చాయి. ఆ పది నిమిషాల ఓర్పు లేకపోతే తొక్కినన్నాళ్ళూ ఒక కాలు కుంటుతున్నట్టే ఉంటుంది.

బీబీ కుడివైపు కప్పు మర తిరగేసి ఉంటుంది, ఎడమ పెడల్ మరా అంతే. తెలియనివాళ్ళు బలంకొద్దీ తిప్పి మరలు కొరికేస్తారు. తొక్కే ఊపుకి అవి తమంతట తాము ఊడిపోకుండా చేసిన ఏర్పాటు అది.

హబ్బులు విప్పితే గ్రీజు లేదు, బురద ముద్ద ఉంది. గోదారి ఒండ్రు చాలా మెత్తన, గ్రీజుతో కలిస్తే సానపట్టే పిండిలా పనిచేస్తుంది. ఆ స్థితిలో నెల రోజులు తొక్కి ఉంటే గుళ్ళు దొర్లే కోనులు అరిగిపోయేవే. కిరసనాయిలులో అన్నీ కడిగి ఆరబెట్టాం. పాత గుళ్ళు ఎంత మెరిసినా మళ్ళీ వేయకూడదు. వెనక హబ్బుకి పావు అంగుళం గుళ్ళు, ముందు దానికి అంతకన్నా చిన్నవి. కప్పు నిండా పేర్చి ఒకటి తీసేయాలి, లేకపోతే ఒకదాన్నొకటి రాసుకుంటాయి. కోను బిగింపు వేళ్ళకి తెలిసే విద్య. సరిగా బిగించిన చక్రాన్ని గాల్లో వదిలితే, ఒక్క వాల్వు బరువుకే నెమ్మదిగా తిరిగి, వాల్వు కిందికి వచ్చి ఊగి ఆగుతుంది. మేస్త్రీ ముందు చక్రాన్ని అలా నాలుగుసార్లు తిప్పి చూపించాడు. ఆ నిశ్శబ్దం చూడటానికే నేను ఐదోసారి తిప్పాను.

ఇక చక్రం బెండు తీయడం. దీన్ని మించిన కళ సైకిల్ షాపులో లేదని నా అభిప్రాయం. సైకిలు చక్రం పుల్లల మీద నిలబడదు, పుల్లల బిగువులో నిలబడుతుంది. ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటే ఈ పుల్లల అల్లికకి జేమ్స్ స్టార్లీ 1874లో పేటెంటు తీసుకున్నాడు. ఇప్పటికీ అదే నడుస్తోంది. పెద్ద సైకిలుకి ముందు 32, వెనక 40 పుల్లలు. రిమ్ము ఎడమకి వాలితే ఆ చోట కుడివైపు పుల్ల బిగించి, ఎడమ పుల్ల అంతే వదలాలి. పుల్ల కొసన ఉండే నిపిల్‌ని ఒక్కసారికి పావు చుట్టు మించి తిప్పకూడదు. మేస్త్రీ మధ్యమధ్య పుల్లల్ని వేలితో మీటి వింటాడు. ఒకే వైపు పుల్లలన్నీ దాదాపు ఒకే శ్రుతి పలకాలి. మొద్దుగా పలికిన పుల్ల వదులైనట్టు. చెవితో చేసే ఈ లెక్క పుస్తకం చదివితే రాదు. డేటన్‌లో రైట్ సోదరులు సైకిల్ షాపు నడిపినవాళ్ళేనని, 1903లో ఎగిరిన వాళ్ళ విమానంలో ఇంజను నుంచి పంకాలకు శక్తి వెళ్ళింది చైన్ల మీదేనని చదివినప్పుడు, ఈ షాపు అరుగే గుర్తొచ్చింది.

మిగతాది త్వరగా అయింది. చైనుని స్కేలు మీద కొలిచాం. ఇరవై నాలుగు లింకులు సరిగ్గా పన్నెండు అంగుళాలు ఉండాలి, అంగుళంలో ఎనిమిదో వంతు సాగితే చైను మార్చాల్సిందే. మడ్గార్డు తుప్పుకి చింతపండు గుజ్జు, కొబ్బరి పీచు చాలు. రంగు మాత్రం వేయించలేదు. నాన్న చేతి అరుగుదల పడ్డ నల్ల రంగు అలాగే ఉండాలనుకున్నాను.

రోజూ పనికి వెళ్ళే బండికి రెండు మార్పులు చేశాం. 44 పళ్ళ చైన్ వీలుకి వెనక 18 పళ్ళ ఫ్రీవీలు ఉంటే ఒక్క చుట్టు తొక్కుడుకి సుమారు అయిదున్నర మీటర్లు పోతుంది. ఎదురుగాలిలో అది బరువు. 20 పళ్ళది వేస్తే అయిదు మీటర్ల లోపుకి దిగుతుంది, మోకాళ్ళకి హాయి. రెండోది, వెనక పెద్ద ఎర్ర రిఫ్లెక్టరు. సారపాక దారిలో సుబాబుల్, జామాయిల్ మొద్దుల లారీలు తిరుగుతాయి. ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. రాడ్ బ్రేకు రబ్బరు రిమ్ము లోపలి ముఖాన్ని పట్టుకుంటుంది కాబట్టి చిన్న బెండుకి రాసుకోదు. కానీ తడిసిన రిమ్ము మీద జారుతుంది. వానలో బ్రేకు ముందే వేయాలి, నెమ్మదిగా వేయాలి.

అట్లాస్ కంపెనీ సాహిబాబాద్‌లోని ఫ్యాక్టరీలో 2020 జూన్ 3న పని ఆపేసింది. అది ప్రపంచ సైకిలు దినోత్సవం. అయినా మా సైకిలుకి కావలసిన గుళ్ళు, కాటర్లు, పుల్లలు, బ్రేకు రబ్బర్లు అన్నీ దొరికాయి, ఎందుకంటే ఏ కంపెనీ పెద్ద సైకిలుకైనా దాదాపు అవే పడతాయి. సామాను కొరత లేదు. విప్పి మళ్ళీ బిగించే చేతులే తగ్గిపోతున్నాయి. మా మేస్త్రీకి అరవై దాటాయి, పక్కన కూర్చుని నేర్చుకునే కుర్రాడు లేడు.

మీ పెరట్లో గోడకి ఆనించిన పాత సైకిలు ఉంటే తూకానికి వేయకండి. దారం కట్టి ఫ్రేము చూడండి. బాగుంటే వానలు మొదలవకముందే మీ ఊరి మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళండి. వెళ్ళేటప్పుడు ఇంట్లో పిల్లవాణ్ణో పిల్లనో వెంటబెట్టుకుని, ఆయన పక్కన కూర్చోబెట్టండి.