టెస్టు పక్కన ఒక నంబరు

ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో 2006లో ఒక భద్రతా లోపాన్ని సరిచేశారు. 2020 అక్టోబరులో లాగింగ్ కోడ్‌ను మారుస్తుండగా, ఆ లోపానికి అడ్డుగా పెట్టిన షరతు పొరపాటున ఎగిరిపోయింది. పాత బగ్ 2021 నాటి 8.5పీ1 వెర్షన్‌తో మళ్లీ సర్వర్లలోకి చేరి, 2024 జులైలో గానీ బయటపడలేదు. ఆ కోడ్ రాసేవాళ్లు అజాగ్రత్తపరులని పేరున్నవాళ్లు కారు. అయినా షరతు తీసేసినప్పుడు ఒక్క టెస్టూ అడ్డం తిరగలేదు. బగ్‌ను సరిచేయడం ఒక ఎత్తు, దాన్ని ఎందుకు సరిచేశామో కోడ్‌కు గుర్తుండేలా చేయడం మరో ఎత్తు. ఎస్‌క్యూలైట్ బృందం ఈ రెండో పనిని నియమంగానే పెట్టుకుంది: ఎవరైనా బగ్ చెబితే, దాన్ని పట్టుకునే టెస్టు చేరేదాకా అది సరయినట్టు లెక్క కాదు. వాళ్ల టెస్టు ఫైళ్లలో చాలావాటికి ఆ బగ్ నమోదైన టికెట్ నంబరే పేరు. టెస్టు ఏం జరగాలో చెబుతుంది, నంబరు ఒకప్పుడు ఏం జరిగిందో చెబుతుంది. ఆ రెండోది లేని టెస్టును, అయిదేళ్ల తర్వాత వచ్చిన కొత్త మనిషి అర్థంలేనిదని తీసేస్తే తప్పుపట్టలేం.

అన్ని బగ్‌లకూ టెస్టు రాయగలమా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పైన చెప్పిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ లోపాన్నే 32 బిట్ లినక్స్‌పై దాడికి వాడుకోవాలంటే సగటున పదివేల ప్రయత్నాలు పట్టాయి. అలాంటిదాన్ని రోజూ నడిచే టెస్టులో పట్టడం కష్టం. అక్కడ కనీసం ఆ లైను పక్కన కామెంట్‌లోనైనా నంబరు ఉండాలి. నంబర్లు మారిపోతాయి కదా అన్నది ఇంకా గట్టి అభ్యంతరం. పైథాన్ బగ్‌ల జాబితా 2022లో గిట్‌హబ్‌కు మారినప్పుడు పాత ఇష్యూలకు కొత్త నంబర్లు వచ్చాయి. ఉత్త అంకె రాసిపెట్టిన చోట అది ఏ జాబితాలోదో వెతుక్కోవాలి. రస్ట్ కంపైలర్‌లోనైతే ఇష్యూ నంబరు తప్ప మరో పేరులేని టెస్టులు ఒకే ఫోల్డర్‌లో గుట్టపడ్డాయి, ఇప్పుడు వాటికి అర్థమయ్యే పేర్లు పెడుతున్నారు. దీన్నిబట్టి నంబరు వద్దనుకోవడం పొరపాటు, నంబరొక్కటే చాలనుకోవడమూ పొరపాటే. పేరులో ప్రవర్తన, కామెంట్‌లో జాబితా పేరుతో సహా నంబరు, దాని కింద ఏం జరిగిందో ఒక్క వాక్యం ఉండాలి. జాబితా మాయమైనా వాక్యం మిగులుతుంది.

ఈ వారం టికెట్ మూసేముందు, టెస్టు ఆ బగ్‌ను నిజంగా పట్టుకుంటుందో లేదో తేల్చుకోవడానికి మీ సవరణను పక్కనపెట్టి కొత్త టెస్టును ఒకసారి పాత కోడ్‌పై నడపండి. అక్కడ అది ఫెయిల్ కాకపోతే టికెట్‌ను ఇంకా మూయకండి.