శ్రీకాళహస్తి కలంకారీ: వస్త్ర పరిమితి – కథన నిర్మితి

శ్రీకాళహస్తి కలంకారీని పురాణకథలకు బొమ్మల అనుబంధంగా, లోతు ఎరుగని జానపద చిత్రణగా పరిగణించడం పరిపాటి. చిత్రకారుడు వాడే ద్రవ్యాల స్వభావాన్ని ఈ అభిప్రాయం విస్మరిస్తుంది. విశాలమైన వస్త్రంపై రామాయణాన్ని చిత్రించేటప్పుడు ఎదురయ్యే పరిమితులే ఆ కథనానికి రూపాన్నిచ్చాయి.

కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెట్టిన నూలుగుడ్డ ఇందుకు ఆధారం. పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదు. చింతబొగ్గుతో వేసిన చిత్తుగీతను దులిపివేయవచ్చు. కసింతో గీసిన గీతను చెరపడం సాధ్యం కాదు. తుప్పుపట్టిన ఇనుమును బెల్లపు నీటిలో పులియబెట్టగా సిద్ధమయ్యే ఈ ద్రవం కరక్కాయ వగరుతో కలిసి నల్లబడుతుంది. కలానికి చుట్టిన ఉన్నిని వేళ్లతో నొక్కే ఒత్తిడి తప్పితే గీత మరకగా మారుతుంది. కాబట్టి కలంకారీలోని దృఢమైన బాహ్యరేఖను అమాయకత్వంగా భావించరాదు. అది దిద్దుబాటుకు అవకాశం లేని నిర్ణయం.

రంగుల విషయమూ ఇటువంటిదే. పటిక పూసిన చోటనే ఎరుపు నిలుస్తుంది. అదీ వస్త్రాన్ని రంగునీటిలో ఉడికించిన తరువాతే తేలుతుంది. ఇంకా కంటికి కనబడని ఎరుపును చిత్రకారుడు ముందుగా ఊహించవలసి ఉంటుంది. వస్త్రమంతా ఒకేసారి ఉడుకుతుంది కనుక ఒక ఘట్టాన్ని ముగించి మరొకదానికి సాగే వీలు లేదు. కథ అంతా ఒక్కసారిగా పక్వమవుతుంది. అందువల్ల ఇక్కడ రంగు వెలుగునీడలను కాక పాత్రను సూచిస్తుంది. రాముని నీలవర్ణం ఇందుకు నిదర్శనం.

వస్త్ర పరిమాణం మరొక సమస్య. చట్రానికి బిగించని గుడ్డను భాగాలుగా జరుపుకుంటూ గీసే చిత్రకారునికి పని సాగుతున్నంతసేపూ సమగ్రచిత్రం కంటబడదు. నడుమ ప్రధాన దృశ్యం, చుట్టూ అడ్డపట్టీలు, వాటి వెంబడి తెలుగు వ్యాఖ్యలు అన్న విన్యాసం ఈ సమస్యకు పరిష్కారం. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న 19వ శతాబ్దపు కాళహస్తి రామాయణ వస్త్రంలోనూ తెలుగు వ్యాఖ్యలున్నాయి. అవి అలంకారాలు కావు. ఘట్టాల వరుసను నిలిపే కథనాంగాలు.

ఈ విన్యాసానికి లోపమూ లేకపోలేదు. సమాన కొలతల గడులలో సేతుబంధనానికీ, సీత అగ్నిప్రవేశానికీ ఒకే స్థలం దక్కినప్పుడు సంఘటన నిలుస్తుంది గాని అంతస్సంఘర్షణ సన్నగిల్లుతుంది. ఆ కొరతను పూరించే భారం మళ్లీ వ్యాఖ్యపైనే పడుతుంది.

జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో లభించిన పద్మశ్రీ ఈ కళకు గౌరవం తెచ్చింది. వస్త్రంపై ఉన్న తెలుగును మాత్రం సాహిత్య పరిశోధన ఇంకా బొమ్మ కింది రాతగానే చూస్తే ఆ గౌరవం అసంపూర్ణం. గీతతో పాటు ఆ వాక్యాన్నీ పాఠంగా పరిష్కరించి చదివినప్పుడే కలంకారీ రామాయణం తెలుగు రామాయణాల సరసన నిలుస్తుంది.