మంచులో మనుషులున్నారు

చైనా మంచు చిత్రం కనిపించగానే ‘ప్రశాంతత’, ‘శూన్యత’ అని రాసి ముగించడం మనకు అలవాటైపోయింది. తెల్లదనం కనబడితే చాలు, నిర్వాణం అనేస్తున్నాం. బొమ్మలో ఉన్నది సాక్ష్యం. మనం చెప్పేది వాదన. ముందు సాక్ష్యం చూడాలి.

దక్షిణ సోంగ్ కాలపు చిత్రకారుడు లియాంగ్ కాయ్ గీసిన మంచుకొండల చిత్రం ఇప్పుడు టోక్యో జాతీయ మ్యూజియంలో ఉంది. 13వ శతాబ్దం తొలి ఏళ్లలో ఆయన రాజాస్థాన చిత్రకారుడు. చక్రవర్తి ఇచ్చిన బంగారు పటకాను అక్కడే తగిలించి వెళ్లిపోయాడని చెబుతారు.

పట్టుగుడ్డ మీద సిరాతో గీసిన చిత్రం అది. పెద్ద కొండ, మసక ఆకాశం, ఆకులు రాలిన చెట్లు. సిరా చిత్రాల్లో మంచును సాధారణంగా పూయరు. చుట్టూ నలుపు పరిచి, మంచు ఉన్నచోట పట్టును వదిలేస్తారు. అందుకే ఆ తెలుపు మన కంటికి నిశ్శబ్దంగా తోస్తుంది. కానీ కింది భాగంలో టోపీలు పెట్టుకున్న ఇద్దరు సవారీపై పోతున్నారు. కొండ ముందు వాళ్లు చాలా చిన్నవాళ్లు. చూసే మనకు అది ప్రశాంతత. నడిచే వాళ్లకు అది చలి.

లియాంగ్ కాయ్‌దే మరో చిత్రం, కొండ దిగివస్తున్న శాక్యముని. బక్కచిక్కిన దేహం, పెరిగిన గడ్డం, గాలికి ఎగిరే ఎర్రవస్త్రం. తల వెనుక కాంతివలయం లేదు. జపాన్‌లో అషికాగా షోగన్ల సేకరణలో ఈ చిత్రానికి పక్కన మంచుకొండల చిత్రాలను చేర్చి వేలాడదీశారు. ఆ కూర్పు తర్వాతి వాళ్లది కనుక, దాని అర్థమంతా చిత్రకారుడి ఉద్దేశమేనని నేను వాదించను. అయినా ఆ కూర్పు సరైన ప్రశ్నే వేస్తుంది: ఆ కొండ ఉండిపోయే చోటా, దిగిరావలసిన చోటా?

జ్ఞానం పొంది దిగుతున్నాడా, తపస్సు వదిలి దిగుతున్నాడా అన్నదానిపై పండితుల్లో భేదాలున్నాయి. రెండింటిలోనూ ఆయన దిగుతున్నాడు, మనుషుల వైపే. బాబాసాహెబ్ కూడా ‘బుద్ధుడు - ఆయన ధమ్మం’లో దేహాన్ని శుష్కింపజేసే తపస్సును గౌతముడు వదిలిపెట్టడాన్ని స్పష్టంగా చెప్పారు.

చలిని ప్రశాంతత అని పిలిస్తే, చలిలో ఉన్న మనిషి చిత్రంలోంచి మాయమవుతాడు. దుఃఖం ఉందన్న మొదటి సత్యమే చెరిగిపోతుంది. మంచు చిత్రం చూసినప్పుడు ముందుగా మనిషిని వెతుకుదాం. శూన్యత గురించి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.